నూలు పలుపు

తెల్లవారుజామున, నిద్రకూ మెలకువకూ మధ్య నేను ఎక్కడున్నానో నాకే తెలియని ఆ కాసేపట్లో, ఇప్పటికీ నాకు రెండు చప్పుళ్ళు కలిసి వినిపిస్తాయి. ఒకటి మా నాన్న మగ్గం మీద నాడె అటూ ఇటూ పరిగెత్తే చప్పుడు. రెండోది కొట్టంలో ఎనుము నెమరు వేసే చప్పుడు. గేదెను మా అత్తవాళ్ళ వైపు ఎనుము అంటారు. మగ్గం కడప వైపు నేతగాళ్ళ ఊరిది. ఎనుము ఓర్వకల్లు దగ్గర రాళ్ళగుట్టల కింద పల్లెది. రెంటికీ మధ్య బస్సులో సగం రోజు ప్రయాణం. అయినా ఆ వేళకు రెండూ ఒకే చూరు కింద ఉంటాయి. కళ్ళు తెరిస్తే మగ్గం చప్పుడు ఆగిపోతుంది. అందుకని తొందరగా తెరవను.

నేను పుట్టిన ఇంట్లో పెంచే జీవం ఒక్కటీ లేదు. ఉండటానికి వీల్లేదు. మా అమ్మకు మేక అంటే పగ. గంజి పట్టించిన పడుగు నూలును వీధిలో బారుగా చాచి ఆరబెడితే, ఆ గంజి వాసనకు ఎక్కడెక్కడి మేకలో వచ్చి చేరేవి. ఒకసారి ఒక మేక పడుగు అంచు పట్టుకుని, మా నాన్న నాలుగు రోజుల కష్టాన్ని నాలుగు నిమిషాల్లో నమిలేసింది. మా అమ్మ కట్టె తీసుకుని దాన్ని వీధి చివరిదాకా తరిమింది, దాని యజమానురాలిని అంతకంటే దూరం తరిమింది. పిల్లి ఒక్కటే మాకు చుట్టం, ఎలుకలు నూలు కొరక్కుండా చూస్తుంది కాబట్టి. జంతువుల్ని మనుషులు ఎందుకు పెంచుతారు అంటే నా దగ్గర బడి పుస్తకంలో జవాబే ఉండేది. ఆవు పాలిచ్చును, గొర్రె ఉన్ని ఇచ్చును, కోడి గుడ్లు పెట్టును. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

కర్నూలు కాలేజీలో పరిచయమైన మనిషిని పెళ్ళి చేసుకుని సేద్యం చేసే ఇంటికి కోడలిగా వచ్చాను. కులం వేరు. రెండిళ్ళలోనూ అలకలు నడిచాయి, అవన్నీ ఇప్పుడు ఎందుకు. మామ అప్పటికే లేడు. అత్త నన్ను వద్దనలేదు, రమ్మననూ లేదు. మొదటి రోజు పైనుంచి కిందిదాకా చూసి అడిగింది.

"పాలు పిండేకి వస్తాదా?"

"రాదత్తా."

"పేడ ఎత్తేకి?"

"రాదు."

"మరి ఏం వస్తాది పాపా నీకు?"

"తెగిన పోగులు అతకడం వస్తాది."

"సరేలే, ఎనుముకు ఒక దినం కాకపోతే ఒక దినం పోగులు తెగకపోతాయా" అని లోపలికి పోయింది. అది వెక్కిరింపో, ఒప్పుకోలో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ ఇంట్లో మధ్యాహ్నాలు నాకు కలలో జరిగినట్టే గుర్తున్నాయి. ఎండకు గుట్టలు తెల్లగా మెరిసేవి. వేపచెట్టు కింద ఎనుము, దాని దూడ, మూడు మేకలు, కోళ్ళు, వాటి మధ్య నులకమంచం మీద మా అత్త. అందరూ సగం కళ్ళు మూసుకుని ఉండేవారు. గుట్టల అవతల విమానం లేస్తే కోళ్ళు గద్ద అనుకుని పిల్లల్ని రెక్కల కిందికి లాక్కునేవి. మా అత్త కళ్ళు తెరవకుండానే, "అది మనకొచ్చే గద్ద గాదులేమ్మా" అని కోళ్ళకు చెప్పేది. కోళ్ళు నమ్మేవి కావు. మళ్ళీ నిశ్శబ్దం. ఎనుము తోకతో ఈగల్ని తోలుకునే చప్పుడు ఒక్కటే మిగిలేది. నాకు ఆ నిశ్శబ్దంలో కూర్చోవడం నేర్చుకోవడానికి ఏడాది పట్టింది.

నేను అడిగే ప్రశ్నలకు ఆమె ఆ మంచం మీదినుంచే జవాబు చెప్పేది. బడి పుస్తకం జవాబులు ఆమెకు తెలియవు. ఆమె లెక్కలో ఇంటికి కొన్ని భయాలుంటాయి, ఒక్కో భయానికి ఒక్కో జీవం కాపలా.

"కోడి ఏంటికంటే, చెప్పకుండా చుట్టాలొస్తారని. మేక ఏంటికంటే, చెప్పకుండా రోగాలొస్తాయని. ఎద్దులేంటికంటే, వాన చెప్పకుండా వస్తాదని. పదునులో ఇత్తనం పడాలంటే ఎవురి ట్రాక్టరు కోసమో కాసుకోని కూర్చుంటామా?"

ఎద్దుల సంగతి చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గేది. నేను వచ్చేనాటికే ఆ ఇంట్లో ఎద్దులు లేవు. కాడి గోడకు ఆనించి ఉండేది. ట్రాక్టరు కోసం కాసుకుని కూర్చునే ఇళ్ళలో మాదీ ఒకటి.

పక్కింట్లో ఒక పెద్దాయన రెండు ఎద్దుల్ని పెంచేవాడు. పందేల్లో బండ లాగించడానికి. వాటికి ఉడకబెట్టిన ఉలవలు, దోమలు కుట్టకుండా ఫ్యాను, రోజూ స్నానం. ఆయన మనవళ్ళకు కూడా అంత వైభోగం లేదు. ఆ ఎద్దులు దున్నే మడక మొహం చూసి ఎరగవు. ఏడాదికి నాలుగైదు సార్లు బండ లాగి వస్తాయి, ఊరంతా పోయి చూసి వస్తుంది. ఇంత మేపి ఏం లాభం అని నేను నవ్వితే అత్తకు నచ్చలేదు.

"మనిషికి పేరు కావాల గదా. కొందరికి బిడ్డలు తెస్తారు, ఆయప్పకు ఎద్దులు తెస్తాండాయి" అంది.

కోతలైన చేలల్లో గొర్రెల మందను ఆపించుకోవడం కూడా అక్కడే చూశాను. కాపరికి గింజలు ఇచ్చి, అన్నం పెట్టి, బతిమాలి మరీ మందను మన చేనుకు పిలుచుకోవాలి. నాలుగు రోజులు ఉండి పోతే, వాటి పెంటికలకు ఆ నేల మరుసటి ఏడు నల్లగా నిగనిగలాడుతుంది. గొర్రె ఉన్ని ఇచ్చును అని రాసిన నా చేతికి సిగ్గేసింది.

"మరి ఎనుము ఏంటికత్తా?" అని ఒకసారి అడిగాను.

"పాలకు" అంది. తర్వాత నవ్వింది. ఎందుకు నవ్విందో చెప్పలేదు.

పెళ్ళయిన ఏడాదికి మా నాన్న మొదటిసారి ఆ ఇంటికి వచ్చాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఎవరింటికి పోయినా దారాలు, తాళ్ళు, ముడులు చూస్తాడు. ఎనుము మెడకు నైలాను తాడు ఉంది. అది ఒరుసుకుని మెడ చర్మం ఎర్రబడింది. మా నాన్న అక్కడ నిలబడి వేలితో ఆ చోటు తడిమాడు. మళ్ళీ వచ్చినప్పుడు సంచిలోనుంచి ఒక పలుపు తీశాడు. నెలల తరబడి మగ్గం మీద మిగిలిన పడుగు ముక్కలు కూడబెట్టి, బొటనవేలు లావున మూడు పురులు పేనాడు. ఎరుపు, నీలం, పసుపు. కొసన చీర కొంగుకు వేసినట్టు కుచ్చు కూడా వేశాడు.

మా అత్త దాన్ని ముందు తన మెడ మీద రుద్దుకుని చూసింది. "ఏమన్నా ఇది, ఇంత మెత్తగా ఉండాది! దీంతో ఎనుమును కట్టేకంటే నేను కట్టుకుంటే బాగుంటాది."

నాన్న సిగ్గుపడ్డాడు. ఆ రోజు మాత్రం నాలుగు మాటలు మాట్లాడాడు. నేసిన చీర కోసినా పడుగు మొత్తం మగ్గం మీదనుంచి తీసేసేది ఉండదని, కొసలు అందులోనే ఉంచి, కొత్త పడుగును ఆ కొసలకే పోగుకు పోగు అతుకుతామని చెప్పాడు. "మగ్గం ఎప్పుడూ ఖాళీ చెయ్యమమ్మా. ఖాళీ చేస్తే మళ్ళా మొదలుపెట్టేది శానా కష్టం" అన్నాడు. అత్త ఆ మాటకు తల ఊపింది. "అన్నీ అంతేలేన్నా" అంది.

ఆ పలుపు ఎనుము మెడలో పడ్డాక నేను ఆ ఇంటి మనిషినయ్యాను. ఎవరైనా వస్తే "మా కోడలి వాళ్ళ నాయన పేనినాడు" అని చూపించేది. రెండేళ్ళకు నాన్న పోయాడు. మగ్గం తీసేశారు. ఆయన మగ్గం దగ్గర మిగిలిన నూలును అమ్మ ఒక రేకుపెట్టెలో పెట్టి నాకు ఇచ్చింది. దాన్ని మంచం కిందికి తోసి తాళం వేశాను. తెరవలేకపోయాను. మూత తీస్తే గంజి వాసన వస్తుందని భయం.

ఎనుమును అమ్మాల్సి వచ్చింది ఆ తర్వాత రెండో వానాకాలంలో. మా అత్త కొట్టంలో తడి బండ మీద జారి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. నేను పాలు పిండబోతే ఎనుము నన్ను ఒక్క చూపు చూసి బిందెను తన్నింది. మా ఆయన పిండితే కాస్త నయం, అంటే బిందెను కాకుండా ఆయన్ను తన్నింది. గుట్ట పక్కన ఎప్పుడూ మేపే బీడుకు ఫ్యాక్టరీల కోసమని కంచె పడింది. చొప్ప కొందామన్నా ఊళ్ళో లేదు. ఒక రోజు అత్తే అంది, "ఇచ్చేయండప్పా. నోరు లేనిదాన్ని పస్తు పెట్టుకోని నేను తినలేను." అని, గోడ వైపు తిరిగి పడుకుంది. వానలు నిండుగా పడి గడ్డి వచ్చాక ఒక పడ్డ ఎనుమును తెచ్చుకుందామని మా ఆయన అన్నాడు. ఆమె "ఊ" అంది. ఆ "ఊ" మీదే ఇల్లు నడిచింది.

కొన్నది నందికొట్కూరు వైపు పల్లె రైతు. ఆయన వస్తానన్న రోజే అత్త చేతి కట్టు విప్పించుకోవడానికి కర్నూలు ఆసుపత్రికి పోయింది, మా ఆయన్ను వెంటబెట్టుకుని. కావాలనే ఆ రోజు పెట్టుకుంది. ఇంట్లో నేను ఒక్కదాన్ని.

ఆయన చిన్న బండి తెచ్చాడు. చేతిలో కొత్త నైలాను తాడు ఉంది, నీలం రంగుది. దాన్ని చూడగానే నాకు ఎర్రబడిన ఆ మెడ గుర్తొచ్చింది. "ఆ తాడు వద్దన్నా, ఈ పలుపుతోనే తోలుకుపో" అన్నాను.

ఆయన వెనక్కి తగ్గాడు. "వద్దులేమ్మా. పలుపు మేం తెచ్చుకున్యాం గదా."

"ఇది మెత్తగా ఉంటాది. తీసుకో."

"నీది నీకాడ ఉండనీమ్మా."

నేను వినలేదు. మా నాన్న దగ్గర పెరిగిన బుద్ధి అది. అమ్మిన చీరలో ఒక్క పోగు కూడా మనది కాదనేవాడు ఆయన. చీర చుట్టిన దారం కూడా చీరతోనే పంపేవాడు. నాన్న చేతిపని ఇవ్వాలంటే నాకూ ప్రాణం లాగింది. లాగింది కాబట్టే దాచుకోవడం తప్పనిపించింది. పలుపు ఆయన చేతిలో పెట్టాను. ఆయన నా మొహం వంక ఒక్క క్షణం చూసి తీసుకున్నాడు. నా మంచితనానికి ముచ్చటపడ్డాడనుకున్నాను. ఎనుము బండి ఎక్కింది, దూడ ఎక్కింది, దుమ్ము లేచింది. నేను గడపలో కూర్చుని కాసేపు ఏడ్చి, లేచి అన్నం వండాను.

అత్త సాయంత్రం వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా కొట్టంలోకి పోయింది.

"పలుపు యాడ?"

"దానితోనే పంపించినా అత్తా. మెత్తగా ఉంటాదని."

"ఇచ్చేస్తివా?"

అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ నాలుగు అక్షరాలు కూడా నన్ను అడిగినట్టు లేవు, తనకు తానే చెప్పుకున్నట్టున్నాయి.

మా ఆయన నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. పశువును అమ్మినా పలుపు ఇవ్వరు. అమ్మేవాడు తన పలుపు విప్పుకోవాలి, కొనేవాడు తనది కట్టుకోవాలి. పలుపు పోతే పాడి పోయినట్టే, ఆ కొట్టంలో మళ్ళీ పశువు నిలవదని నమ్మకం. "నాకెవరూ చెప్పలేదు కదా" అన్నాను. "అన్నం తినేటప్పుడు నోరు తెరవమని ఎవరైనా చెప్తారా?" అన్నాడు. ఆయన తప్పుగా అనలేదు. వాళ్ళకు అది అంత మామూలు సంగతి. నాకు నాన్న నేర్పిన మాట కూడా అంత మామూలుదే. రెండు మామూలు సంగతులు ఎదురుపడితే ఇంత పని జరుగుతుందని నాకు అప్పుడే తెలిసింది.

వారం తిరిగేసరికి అత్త కొట్టం నిండా కట్టెలు పేర్చింది. పడ్డ మాట ఎత్తితే, "కట్టెలుండాయి గదా ఆడ" అనేది. మేకల్ని చూసుకునేది, కోళ్ళకు నూకలు చల్లేది, అయినా ఆమెలో ఏదో ఆరిపోయింది. పొద్దున నాలుగున్నరకే లేచేది, అలవాటు. లేచి బిందె చేతిలోకి తీసుకుని, ఎందుకు తీసుకుందో గుర్తు రానట్టు నిలబడేది. అప్పుడు తెలిసింది నాకు, ఆమె ఆ రోజు "పాలకు" అని ఎందుకు నవ్విందో. మిగతా జీవాలు ఇంటి భయాలకు కాపలా. ఎనుము మాత్రం ఆమె పొద్దున లేవడానికి. దాన్ని నేను తాడుతో సహా పంపేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ రోజుల్లోనే ఒకసారి ఆమె చెయ్యి చూపించుకోవాలని ఒక్కతే బస్సెక్కి పోయింది. తిరిగొచ్చి నా పక్కనుంచి నడిచి పోతుంటే ఎనుము వాసన వేసింది. పచ్చిపాలు, పేడ, తవుడు కలిసిన వాసన. ఇంట్లోనుంచి పోయిన వాసన ముక్కులోనుంచి పోవడానికి టైం పడుతుందేమో అనుకుని ఊరుకున్నాను.

చలి మొదలైంది. ఇక నా వల్ల కాలేదు. ఒక ఆదివారం మా ఆయనకు మాత్రం చెప్పి, రెండు బస్సులు మారి ఆ పల్లెకు పోయాను. ఎట్లాగైనా బతిమాలి ఆ పలుపు తెచ్చి, కొట్టంలో మేకుకు తగిలించాలి. అంతకంటే ఏ ఆలోచనా లేదు.

ఆ రైతు ఇంట్లో లేడు, ఆయన భార్య ఉంది. ఎనుము వాకిట్లోనే ఉంది, మెడలో నాన్న పలుపుతో. నన్ను చూసి చెవి కూడా ఆడించలేదు. సంగతి చెప్పి, వేరే మంచి పలుపు కొనిస్తాను, అది ఇచ్చేయమని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది.

"మీ అత్త చెప్పలేదా పాపా? ఆయమ్మ వచ్చిపాయ గదా."

"ఎప్పుడు?"

"శానా దినాలాయ. కూర్చో, చెప్తా." ఆమె చేట పక్కన పెట్టింది. "ఒకరింటి పలుపు మనకేంటికని మొదటి దినమే ఇప్పేసి మేకుకు తగిలిస్తిమి. తెచ్చినందుకు మా ఆయన్ను తిడ్తి గూడా. అది ఇప్పినప్పటినుంచి ఎనుము చేపలేదు పాపా. దూడను ఇడిస్తిమి, తవుడు పెడితిమి, చెంబెడు పాలు గూడా దిగలేదు. అప్పుడు మీ అత్త వచ్చె, పలుపు కోసమని. తీసి చేతిలో పెడితిమి. ఆయమ్మ ఎనుము దగ్గరికి పోయి పొదుగు పట్టి చూసె. శానా సేపు నిలబడె. ఆ పలుపు మళ్ళా తనే దాని మెడకు కట్టె. కట్టి, ఆ నొప్పి చేత్తోనే కూర్చోని పిండె. ఎట్ల చేపిందనుకుంటావు! వాసన, పాపా. ఆ నూలులో మీ అత్త చేతి వాసన ఉండాది. 'ఉండనీమ్మా, దీన్ని ఇప్పొద్దు' అని చెప్పి పాయ."

నేను ఎనుము దగ్గరికి పోయి పలుపును పట్టుకున్నాను. మూడు రంగులూ మాసి ఒకటే రంగయ్యాయి. కొసన నాన్న వేసిన కుచ్చు లేదు. దూడ నమిలేసి ఉంటుందిలే అనుకున్నాను. అడగడానికి వచ్చిన మాట ఇక అడగబుద్ధి కాలేదు. ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాను.

ఇంటికి వచ్చేసరికి ఎండ ఇంకా గుట్టల మీద ఉంది. అత్త కొట్టం ముందర రాయి మీద కూర్చుని వక్కాకు నములుతోంది.

"నందికొట్కూరు దావలో పోయొచ్చినా అత్తా" అన్నాను.

ఆమె నమలడం ఆపి అడిగింది. "చేపుతాండాదా?"

"చేపుతాండాదంట. బాగుండాది."

తల ఊపింది. నాకు ఏడుపు ఆగలేదు. "నామీద కోపంతో కట్టెలు పేర్చినావనుకుంటి."

"కోపం ల్యాకుండా ఎట్లుంటాది? మీ నాయన పేనినది అది. మళ్ళా ఆయన వచ్చి పేనిస్తాడా?" అంది. నేను అంతవరకూ ఆమె తన కొట్టం గురించే బాధపడుతోందనుకున్నాను.

రొండిన దోపుకున్న వక్కాకు సంచి తీసి, మూతి విప్పి, ఆకుల అడుగునుంచి ఏదో లాగి నా అరచేతిలో పెట్టింది. మూడు రంగుల కుచ్చు. దానితో జానెడు పలుపు ముక్క, శుభ్రంగా కోసి ఉంది.

"మగ్గం ఎప్పుడూ ఖాళీ చెయ్యగూడదని మీ నాయన చెప్పినాడు గదా. కొస తెచ్చిపెట్టుకున్యా. నీ పెట్టెలో నూలుండాది. పేని, దీనికి అతుకు."

"ఇన్ని దినాలు అడగలేదేంటికత్తా?"

ఆమె వక్కాకు సంచి మూతి బిగించి మళ్ళీ రొండిన దోపుకుంది. "మీ నాయన పోయినప్పటినుంచి నువ్వు ఆ పెట్టె తెరిచింది నేను చూల్లేదు. తెరువు అని నేనెట్ల చెప్పేది?"

నేను తాళంచెవి వెతకడానికి ఇంట్లోకి పోయాను. మంచం కిందినుంచి పెట్టె లాగుతుంటే, వెనక కొట్టంలోనుంచి కట్టెలు ఒక్కొక్కటే బయట పడుతున్న చప్పుడు వినిపించింది.